ఈశాన్యం గోడ

వికారాబాద్,
మార్చి 4

పెద్దనాయినకు,

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని కవరు చించకముందే గొణుగుతావని తెలుసు. నా ఫోన్ ఆఫీసు వాళ్ళిచ్చింది. బిల్లు వాళ్ళది, చెవులు కూడా వాళ్ళవే. ఇక నువ్వు ఫోన్‌లో మాట్లాడితే తాండూరు బస్టాండులో నిలబడ్డ వాళ్ళందరికీ మన ఇంటి సంగతి తెలిసిపోతుంది. అందుకని కొన్నాళ్ళు కాగితం మీదనే అరుచుకుందాం.

వచ్చే వారం నన్ను పని మీద తాండూరు పంపుతున్నారు. ఎక్కడికో చెబుతాను, చేతిలో చాయ్ గ్లాసు ఉంటే ముందు కింద పెట్టు. సూర్యప్రకాశ్ సేటు నాపరాయి గనికి. అవును, నాయినను మింగిన గనికే.

నా పనేమిటని నువ్వు ఎప్పుడూ అడగలేదు, నేనూ చెప్పలేదు. మూడు కాళ్ళ స్టాండు మీద ఒక యంత్రం నిలబెడతాం. అది చుట్టూ తిరుగుతూ లేజరు చల్లుతుంది. గోడ, గుంత, చెట్టు, గుడిసె, దేనికి తగిలితే దాని మీద ఒక చుక్క. అట్లా కోట్ల చుక్కలు. కొన్నాళ్ళ తర్వాత వచ్చి మళ్ళీ తీస్తాం. పాత చుక్కలను కొత్త చుక్కల మీద పెట్టి చూస్తే ఏది ఎక్కడికి ఎంత జరిగిందో రంగుల్లో తెలుస్తుంది. కదలనిది ఆకుపచ్చ, కొంచెం కదిలింది పసుపు, బాగా కదిలింది ఎరుపు.

పోయిన వానాకాలం గని గోడ కూలి నాయిన, కూలీ పెద్దయ్య చనిపోయాక విచారణలో ఒక రంగుల బొమ్మ చూపించారు కదా, అది ప్రమాదానికి ముందు మా సంస్థ రెండుసార్లు కొలిచి చేసిందే. అప్పటికి నేను ఇక్కడ చేరలేదు. అందులో ఆ గోడ నిండా ఆకుపచ్చ. దాన్ని పట్టుకునే రాశారు: "గోడ స్థిరంగా ఉన్నది. సూపర్వైజర్ మహేందర్ నిర్లక్ష్యంగా గోడ పాదాన్ని తవ్వించినందువల్లనే ప్రమాదం జరిగినది." ఆ వాక్యం పట్టుకునే పెద్దయ్య భార్య రామమ్మ మన వాకిట్లో నిలబడి, "నా మొగన్ని నీ మొగడే తిన్నడు" అని అమ్మను శపించి పోయింది. అమ్మ ఆ తర్వాత తాండూరు మాట ఎత్తలేదు.

నాకు పరిహారం వద్దు, ఇంకే మన్నూ వద్దు. ఆ ఒక్క వాక్యం కొట్టేయించాలి. అంతటితో కూడా ఆగను. రాయించినవాడి నోటితోనే అది అబద్ధమని చెప్పించాలి.

మా సంస్థ యజమాని హరీష్‌కు నేనెవరి బిడ్డనో తెలియదు. తెలియనీయకు. నన్ను గని దగ్గర చూసినా పలకరించకు.

నీ బిడ్డ,
వినీత

*

తాండూరు,
మార్చి 9

చిరంజీవి వినీతకు,

చాయ్ గ్లాసు పగిలింది. నీ హెచ్చరిక చదివేటప్పటికే ఆలస్యమైంది.

ఆకుపచ్చ! బిడ్డా, ఈ దేశంలో ఉన్నవాడి గోడ ఎప్పుడూ ఆకుపచ్చగానే ఉంటుంది. వాడి చెరువు కబ్జా ఆకుపచ్చ, వాడి పొగగొట్టం ఆకుపచ్చ, చివరకు వాడి గోడ కింద నలిగిన మనిషి రక్తం కూడా కాగితం మీదికి ఎక్కేసరికి ఆకుపచ్చే. ఎరుపంతా కూలివాడికి మిగులుతుంది. అదే బొమ్మలో, రోడ్డుకు అవతల ఉన్న రాళ్ళబస్తీ ఎర్రగా ఉందని చూపించి, "మీ ఇండ్లు కదులుతున్నయి, మీ మంచికే చెప్తున్నం" అని బుల్డోజరు తెచ్చి గుడిసెలు నేలమట్టం చేసినవాళ్ళు వీళ్ళే. ఒకే బొమ్మ. నా తమ్ముడిని హంతకుడిని చేసింది, బస్తీని బజారున పడేసింది, సేటును మాత్రం దేవుడిని చేసి కూర్చోబెట్టింది. శాస్త్రం నిష్పక్షపాతమని నాకు చెప్పేవాళ్ళను నా దుకాణానికి తోలు, వాళ్ళతో నాకు పని ఉంది.

నీ పెద్దనాయిన బతుకు నీకు తెలిసిందే. కడుపు కోసం ఫ్లెక్సీలు కొడతాను, కడుపుమంట కోసం కరపత్రాలు. మొన్న సేటు పుట్టినరోజు ఫ్లెక్సీ కూడా నేనే కొట్టాను. వాడి మనిషి నా పక్కనే నిలబడి, "అన్నా, సేటు మొఖం జర తెల్లగ చెయ్యరాదు" అన్నాడు. "ఎంత తెల్లగ?" అన్నాను. "మస్తు తెల్లగ." చేశాను. మనిషి మాయమై మీసం ఒక్కటే మిగిలింది. వాడికది మహా బాగా నచ్చింది.

కాబట్టి రంగుల సంగతి నాకు చెప్పకు. కంప్యూటరులో ఏ రంగు కావాలంటే ఆ రంగు వస్తుంది. నువ్వు వెళ్తున్నావు కదా, ఎర్రగా నింపు. గోడ ఎరుపు, గుంత ఎరుపు, సేటు బంగళా లాంటి ఆఫీసు ఎరుపు. వాళ్ళు పచ్చ అబద్ధంతో కొట్టారు, మనం ఎర్ర అబద్ధంతో కొడదాం. న్యాయం, ధర్మం అని నాకు చెప్పొద్దు. వాటి పేరుతో నేను ముప్పై ఏళ్ళుగా ఉపన్యాసాలిస్తున్నాను, ఒక్క సేటుకు కూడా జ్వరం రాలేదు.

పెద్దనాయిన,
శివశంకర్

*

వికారాబాద్,
మార్చి 27

పెద్దనాయినకు,

పని చేసి వచ్చాను. నువ్వు గని గేటు ఎదురుగా చెరుకురసం బండి దగ్గర పేపరు తలకిందులుగా పట్టుకుని నిలబడ్డావు. పలకరించకుమంటే ఇట్లా కాపలా కాయమని కాదు.

నువ్వన్నట్టు ఎర్రగా నింపడం నిమిషం పని. రంగు ఎక్కడ మొదలై ఎక్కడ మారాలో మనమే చెప్పాలి. గోరంత కదిలితే ఎరుపు రావాలంటే వస్తుంది, మూరెడు జరిగినా ఆకుపచ్చే ఉండాలంటే ఉంటుంది. అందుకే నేను నింపను. నింపితే రేపు ఇంకొకడు వచ్చి అదే మీట నొక్కి మళ్ళీ పచ్చ చేస్తాడు. అప్పుడు నాయిన మీద రాసిన వాక్యం శాశ్వతమైపోతుంది.

కానీ నాకు ఇంకోటి దొరికింది. నువ్వు కుర్చీలో కూర్చుని చదువు.

యంత్రం దింపగానే సేటు గుమాస్తా హన్మయ్య పళ్ళెం పట్టుకుని ఎదురొచ్చాడు. పసుపు, కుంకుమ, టెంకాయ.

"మేడం, ముందుగాల ఈశాన్యం గోడకు బొట్టు పెట్టాలె. మీ గుర్తు కాయితాలు గా గోడకే అతికియ్యాలె. సేటు మాట."

"ఎందుకండీ?"

"ఏ పనైనా ఈశాన్యం నుంచే గద షురూ జేసేది. పోయిన రెండుసార్లు గూడ గట్లనే జేసిండ్రు. మీ హరీష్ సారే టెంకాయ కొట్టిండు. ఇడ్లీ, వడ గూడ ఆడనే పెట్టినం. నీడ మస్తుగుంటది."

నాకు నవ్వు రాలేదు. ఎందుకో చెబుతాను. ఏది కదిలిందో తెలియాలంటే ముందు కదలనిది ఒకటి కావాలి. దాని మీద నల్లగళ్ళ కాగితాలు అతికించి, అది కదలదని ఒట్టు పెట్టుకుని, మిగిలినవన్నీ దాని నుంచి కొలుస్తాం. వాళ్ళు రెండుసార్లూ కదలనిదిగా పెట్టుకున్నది సేటు ఆఫీసు గోడను, అది ఈశాన్యంలో ఉంది కాబట్టి. ఆ ఆఫీసు దేని మీద ఉందో నీకు తెలుసు. పాత గుంతను రాళ్ళ ముక్కలతో పూడ్చి, కూలిన గోడకు సరిగ్గా పైన కట్టారు.

వికారాబాద్ జంక్షన్‌లో రైలు కదిలినప్పుడు లోపల కూర్చున్న పసివాడు ప్లాట్‌ఫారం వెనక్కి పోతోందని కేక పెడతాడు చూడు, అదే జరిగింది. ఆఫీసూ, దాని కింది గోడా కలిసి గుంతలోకి జారుతున్నాయి. ఆఫీసులో నిలబడి చూసినవాడికి తనతోపాటు జారే గోడ నిలకడగా కనిపించింది, ఆకుపచ్చ. ఎదురుగా బండరాతి మీద అప్పటికి నిక్షేపంగా ఉన్న రాళ్ళబస్తీ పరుగెత్తుతున్నట్టు కనిపించింది, ఎరుపు.

పాత చుక్కలన్నీ మా దగ్గరే ఉన్నాయి. రైలుకట్ట కింద రాతి కల్వర్టు మూడు సార్లూ యంత్రానికి కనిపించింది. దాన్ని కదలనిదిగా పెట్టి మళ్ళీ లెక్క కట్టాను. బొమ్మ తిరగబడింది. బస్తీ పచ్చ. గోడ, నాయిన చనిపోవడానికి నెలల ముందు నుంచే, ఎరుపు. ఎవరూ పాదం తవ్వనక్కర్లేదు, అది తనంతట తానే వస్తూ ఉంది. అన్నిటికంటే ఎర్రగా ఉన్నది గోడ కాదు. సేటు కూర్చునే గది.

ఇప్పటికీ జారుతోంది. వానాకాలం దాటదు.

వినీత

*

తాండూరు,
ఏప్రిల్ 2

వినీతా,

కుర్చీలో కూర్చునే చదివాను. తర్వాత లేచి దుకాణంలో అటూ ఇటూ తిరిగాను. మా పనిపిల్ల దీక్షిత, "సార్, ఫ్లెక్సీ తొక్కుతున్నరు, ఎమ్మెల్యే మొఖం మీద ఉన్నరు" అని అరిచేదాకా తెలియలేదు.

ఈశాన్యం! ఎంత చదువుకున్న యంత్రం తెచ్చినా దానికి ముందు బొట్టు పెట్టి, ఇడ్లీ తినిపించి, సేటు వాస్తుకు మొక్కించి మరీ పని చేయించుకున్నాం మనం. లేజరుకు కూడా పీట వేసి మడి కట్టించిన జాతి మనది. దీని మీద నేను రాయబోయే కరపత్రం తలుచుకుంటే నాకే ఒళ్ళు పులకరిస్తోంది. కానీ రాయను. విను, ఎందుకు రాయనో.

చెప్పకు.

ఎవరికీ చెప్పకు. మీ హరీష్‌కు పాత పద్ధతిలోనే పచ్చ బొమ్మ ఒకటి చేసి ఇచ్చెయ్యి. సేటు దాన్ని పటం కట్టించి అదే గదిలో తగిలించుకుంటాడు. నాకు వాడి అలవాట్లు తెలుసు. ముసురు పట్టిందంటే తలుపులు మూయించి, దివాను మీద ఒరిగి, మిర్చి బజ్జీలు తెప్పించుకుని, కిటికీలోంచి గుంతలో పని చేసే వాళ్ళను చూస్తూ కూర్చుంటాడు. కూర్చోనీ. వాడు కొనుక్కున్న ఆకుపచ్చలోనే వాడిని పోనీ. మనం చెయ్యి ఎత్తనక్కర్లేదు, నోరు మూసుకుంటే చాలు. నా తమ్ముడి మీద ఎన్ని టన్నుల రాయి పడ్డదో అన్ని టన్నులూ వాడి మీద పడాలి.

ఇట్లా రాసినందుకు నన్ను అసహ్యించుకుంటావా? అసహ్యించుకో. మనిషి ప్రాణం విలువైనదని నేను వేల మందికి చెప్పాను. మహేందర్‌ను బయటికి తీసినప్పుడు నేను అతని చెప్పును బట్టి గుర్తుపట్టాను. ఆ రోజు నుంచి ఆ మాట నా నోట్లో ఇసుకలా తగులుతోంది.

వానాకాలం ఎంతో దూరం లేదు. ఓపిక పట్టు.

శివశంకర్

*

వికారాబాద్,
ఏప్రిల్ 30

పెద్దనాయినకు,

ఇన్నాళ్ళూ జవాబు రాయలేదంటే నీ మాట నాకు నచ్చకపోవడం వల్ల కాదు, నచ్చడం వల్ల. ఆఫీసుకు వెళ్ళే దారిలో, అన్నం తింటూ, అమ్మ తల దువ్వుతూ అదే గదిని తలుచుకున్నాను. మబ్బు పడితే సంతోషం వేసింది. అట్లా ఎంతవరకు పోయానో నీకు చెప్పను.

కానీ రిపోర్టు ఇచ్చేశాను. అసలు బొమ్మే, కల్వర్టు నుంచి కొలిచినదే. అరవకు, పూర్తిగా చదువు.

జాలిపడి ఇవ్వలేదు. గోడ కూలి సూర్యప్రకాశ్ చస్తే ఏమవుతుంది? పేపర్లో పటం, తాండూరు బంద్, ఊరేగింపు, నీ దుకాణంలోనే శ్రద్ధాంజలి ఫ్లెక్సీ. "ఆ సూపర్వైజర్ చేసిన తప్పు సేటు ప్రాణం కూడా తీసింది" అంటారు. నాయిన మీద ఇంకొక హత్య పడుతుంది. చచ్చినవాడి నోటితో నేనేం చెప్పించగలను? నాకు ఆయన బతికి కావాలి. బతికి, పదిమందిలో నిలబడి, కళ్ళు పోయేలా ఆ ఎరుపును చూడాలి.

హరీష్ బొమ్మ చూసి తలుపు వేశాడు.

"ఏంది వినీతా గిది? క్లయింటు గదికే ఎరుపు పెడ్తవా? మంటపెడ్తున్నవా నాకు?"

"నేను పెట్టలేదు సార్. కదిలింది కాబట్టి వచ్చింది."

"కల్వర్టు నుంచి ఎవరు కొలవమన్నరు? పాత గోడనుంచే కొల్వు. పాత రిపోర్టుకు, గీ రిపోర్టుకు తేడా రావద్దు. వచ్చిందంటే పాతది తప్పని మనమే ఒప్పుకున్నట్టు. రెండు పానాలు పొయ్యినయి, సమజైతలేదా?"

"సమజైంది సార్. అందుకే ఇచ్చిన."

ఆ సాయంత్రమే తనే కూర్చుని మళ్ళీ ఈశాన్యం గోడ నుంచి లెక్క కట్టి పచ్చ బొమ్మ చేసుకున్నాడు. పంపేముందు సేటుకు ఫోన్ చేశాడు. గాజు తలుపు, అంతా వినిపించింది: "కాయితం మీద మంచిగనే ఉన్నది సేట్. గాని మీరు మాత్రం గా రూంల కూసోకుండ్రి. ఎందుకంటే చెప్పలేను. కూసోకుండ్రి అంతే."

అంటే ఇప్పుడు సూర్యప్రకాశ్‌కు తెలుసు. ఏం చేస్తాడో నువ్వు చూసి చెప్పు. గదిని వదులుకుంటూ ఎందుకు వదులుకుంటున్నాడో ఎవరికో ఒకరికి చెప్పక తప్పదు. ఆ కారణమే నాకు కావాలి.

వినీత

*

తాండూరు,
మే 18

వినీతా,

నీ ఉత్తరం చదివి నీ మీద పట్టలేని కోపం వచ్చింది. వానాకాలం దాకా నోరు మూసుకుని ఉండలేకపోయావా అని ఎన్ని ఉత్తరాలు రాశానో, అన్నీ చించాను. ఇప్పుడు ఆ కోపం లేదు. అంతకంటే పెద్దది వచ్చి దాన్ని మింగేసింది.

సేటు గది వదిలాడు. నువ్వనుకున్నట్టు కారణం చెప్పి కాదు. "వ్యాపారం పెరిగింది" అని చెప్పి దివాను, బీరువా, లక్ష్మీదేవి పటం అన్నీ బజారులో కొత్త ఆఫీసుకు తరలించాడు. మంచిదే అనుకున్నాను. నిన్న హన్మయ్య నా దుకాణానికి వచ్చాడు.

"అన్నా, ఫ్లెక్సీ కొట్టాలె. పెద్దది."

"ఏం రాయాలె?"

కాగితం చూసుకుని చదివాడు: "దానశీలి శ్రీ సూర్యప్రకాశ్ గారు రాళ్ళబస్తీ చిన్నారులకు కానుకగా ఇచ్చిన మహేందర్ స్మారక శిశువిహార్ ప్రారంభోత్సవం."

"ఎక్కడ?"

"పాత ఆఫీసే అన్నా. పొద్దంతా పిల్లలు ఆడనే ఉంటరు, అన్నం గూడ ఆడనే. సేటు దిల్ ఉన్న మనిషి. 'తప్పు చేసినా మహేందర్ మన మనిషే, ఆని పేరు పెడదాం' అన్నడు. ఫ్లెక్సీ గూడ ఆని అన్నకే ఇయ్యమన్నడు."

అర్థమైందా బిడ్డా? కదులుతున్న గదని తెలిసి తాను దిగిపోయాడు. ఖాళీగా పెడితే ఎందుకని అడుగుతారు. కూలగొడితే ఎందుకని అడుగుతారు. కాబట్టి దానం చేశాడు. ఎవరి గుడిసెలు కదులుతున్నాయని కూల్చాడో వాళ్ళ పిల్లలను నిజంగా కదిలే గోడ మీద కూర్చోబెడుతున్నాడు. దానికి నా తమ్ముడి పేరు. రేపు అది కూలితే బోర్డు మీద ఎవరి పేరుంటుంది? మహేందర్!

పుణ్యం, దానం, స్మారకం. ఈ మూడు మాటల వెనుక ఎన్ని శవాలు దాచారో ఈ దేశంలో ఎవడూ తవ్వి చూడడు. నేను నా ప్రింటింగు మిషను ముందు నిలబడి, గోడ కూలి వాడు చావాలని కోరుకున్న నా కోరికను చూసుకున్నాను. ఆ గోడకు సేటు ఎవరో, పసివాడు ఎవరో తెలియదు. నీ లెక్క సరైంది. వాడు బతికే ఉండాలి.

ఆర్డరు తీసుకున్నాను. జూన్ మొదటి వారం ముహూర్తం. తహసీల్దారు, విలేకరులు వస్తున్నారు. నాకు మైకు దొరికితే వాడి తాతల దగ్గర నుంచి మొదలుపెట్టి తోలు ఒలుస్తాను. ఉపన్యాసం రాయడం మొదలుపెట్టాను, ఇప్పటికే పదకొండో పేజీలో ఉన్నాను.

శివశంకర్

*

వికారాబాద్,
మే 22

పెద్దనాయినకు,

ఆ పేజీలు పొయ్యిలో పెట్టు.

నువ్వు మాట్లాడితే నువ్వు పాత పోరాటాలవాడివి, చచ్చినవాడి అన్నవు, కడుపుమంటతో అంటున్నావని చప్పట్లు కొట్టి పంపిస్తారు. సేటు నవ్వుతూ నీకే శాలువా కప్పుతాడు. ఆ శాలువా నీ మెడ మీద ఉన్న ఫొటో నేను చూడలేను.

దీనితో పంపుతున్న పెన్‌డ్రైవులో అసలు బొమ్మ ఉంది. ఫ్లెక్సీ మీద కొట్టు. అదనపు ఎరుపు ఒక్క చుక్క కూడా వెయ్యకు, ఉన్నది చాలు. కుర్చీల వెనుక చుట్టి ఉంచు. ముందుగా తియ్యకు. రామమ్మను కలిసి ఆ బొమ్మ చూపించు. తిడుతుంది, పడు. అర్థమయ్యేదాకా చెప్పు. తల్లులందరికీ ఆమెనే చెప్పమను. ఒక్క పిల్ల కూడా గుమ్మం దాటకూడదు. తలుపుకు అడ్డంగా నువ్వే నిలబడు.

తర్వాత నువ్వు మైకులో ఒక్కటే అడగాలి. "సేటు గారూ, మీరు ముందుగా కుడికాలు లోపల పెట్టి దీపం వెలిగించండి." అంతే. రెండో వాక్యం వద్దు. నీకు ఇది ఉరిశిక్ష అని తెలుసు. నాయిన కోసం భరించు.

ఆ రోజే నేను ఇక్కడ గనుల శాఖ ఆఫీసులో పాత, కొత్త చుక్కలన్నీ అప్పగిస్తాను. ఉద్యోగం పోతుంది, పోనీ. నేనెవరి బిడ్డనో హరీష్‌కు ఆ రోజే చెబుతాను. ఆ మొహం చూడాలని చాలా నెలలుగా ఉంది.

వినీత

*

తాండూరు,
జూన్ 7

చిరంజీవి వినీతకు,

ఒక్క వాక్యమే మాట్లాడాను. నాకు ఇంకా గొంతు నొప్పిగా ఉంది, మింగిన మాటల వల్ల.

షామియానా, కుర్చీలు, బూరలు, బంతిపూలు. నా తమ్ముడి ఫొటోకు దండ. సేటు తెల్ల లాల్చీలో వచ్చాడు, పూలదండలు వేయించుకున్నాడు, నా తమ్ముడిని "దారి తప్పినా మా బిడ్డ" అన్నాడు. నేను తలుపు ముందు నిలబడి పళ్ళు కొరికాను. రిబ్బను కట్ చేశాడు, అదీ గడప బయట నిలబడే. చప్పట్లు. అప్పుడు నేను మైకు అందుకున్నాను. కుర్చీలన్నీ బెదిరాయి, నేను మైకు అందుకుంటే భోజనాల వేళ దాటుతుందని ఊరికి తెలుసు. నువ్వు చెప్పిన వాక్యం అన్నాను. దింపేశాను.

సేటు నవ్వాడు. "అరే, నేనెందుకు? పిల్లలే దేవుళ్ళు. పిల్లలతోని షురూ జేద్దాం. రాండ్రి రాండ్రి, బిస్కిట్లున్నయి లోపల."

ఒక్క పిల్ల కదలలేదు. తల్లులు కొంగులతో పట్టుకున్నారు. నీ బొమ్మ చూసి ముందు నన్ను తిట్టి, చివరకు నమ్మిన రామమ్మ లేచింది.

"పిల్లలు తర్వాత పోతరు సేటు. ఎప్పుడు ముందుగాల కుర్చీ ఎక్కేది నువ్వే గద. ఇయ్యాల ఎనుకకు ఎందుకు జరుగుతున్నవు?"

"మోకాళ్ళ నొప్పులమ్మా, మెట్లు ఎక్కలేను."

"మొన్నటిదాక ఈ మెట్లే గద ఎక్కి దిగినవు. రెండే ఉన్నయి. నేను ఎత్తుకపోనా?"

జనం నవ్వారు. సేటు హన్మయ్యను చూశాడు. హన్మయ్య ఆకాశం చూశాడు. "చెప్పులు... షుగర్... వట్టి కాళ్ళతో నడవద్దన్నరు డాక్టరు" అన్నాడు సేటు. "చెప్పులతోనే పో, మేం ఏమనుకోం" అంది రామమ్మ.

ఇదంతా చూసి విసిగిపోయిన తహసీల్దారు, పాపం మంచి మనిషే, "సరే, నేనే వెలిగిస్త, టైమైతున్నది" అని లేచి మెట్టు మీద కాలు పెట్టాడు. నేను అడ్డం జరిగేలోపే సేటు ఉరికాడు. మోకాళ్ళ నొప్పుల మనిషి కుర్చీ తన్నుకుంటూ ఉరికి, ఆయన చెయ్యి పట్టి వెనక్కి గుంజాడు.

"సార్, వద్దు! లోపలికి పోకుండ్రి!"

మైకు అక్కడే ఉంది. ఆ మాట బస్టాండు దాకా వినిపించింది.

పిల్లలను బిస్కిట్లతో పిలిచినప్పుడు రాని మాట, ఒక అధికారి కాలు ఎత్తగానే వచ్చింది. నేను ముప్పై ఏళ్ళుగా వర్గస్వభావం గురించి చెప్పినదంతా వాడు రెండు ముక్కల్లో చెప్పాడు. తహసీల్దారు నెమ్మదిగా చెయ్యి విడిపించుకుని, "ఎందుకు వద్దు?" అన్నాడు. సేటు తన కారు ఎక్కడుందా అని వెతుక్కున్నాడు. అప్పుడు దీక్షితా, నేనూ చుట్టిన ఫ్లెక్సీ విప్పాం.

ఎండలో ఆ ఎరుపు ఎట్లా వెలిగిందో నువ్వు చూడాల్సింది. రామమ్మ వేలు పెట్టి జనానికి చూపించింది: "గిది గోడ. గిది సేటు రూము. గీ పచ్చగున్నది మన ఇండ్లు, వీళ్ళు కూలగొట్టినయి. గోడ ముందటి నుంచే వస్తున్నదంట. మహేందర్ సారు తవ్వలే." విలేకరులు సేటు మొహాన్ని వదిలి ఒక్క క్షణం కూడా పక్కకు తిరగలేదు. ఈసారి ఎవరూ తెల్లగా చేయలేదు, తనంతట తానే తెల్లబడ్డది.

గదికి తాళం వేసి సీలు చేశారు. గుంతలో పని ఆపారు. సేటు కారు ఎక్కబోతుంటే ఆడవాళ్ళు కారు చుట్టూ కూర్చున్నారు. నేను పక్కన నిలబడి చూశాను. సంతోషంగా ఉంది. ఇంత సంతోషం మంచిది కాదని ఎవరైనా చెబితే వాళ్ళను తర్వాత రమ్మంటాను.

పెద్దనాయిన,
శివశంకర్

*

వికారాబాద్,
జూలై 3

పెద్దనాయినకు,

ఇక్కడ రెండు రోజులుగా వాన. ఈశాన్యం గోడ నిన్న మధ్యాహ్నం గుంతలోకి పోయిందని నువ్వు ఫోన్ చేసేలోపే గనుల శాఖ వాళ్ళు చెప్పారు. కింద ఎవరూ లేరు. అది చాలు.

నీకు చెప్పాల్సింది అంతకుముందు వారం జరిగింది. ఆ శాఖ అధికారి ఎదుట, తెర మీద, అన్ని చుక్కలనూ మళ్ళీ మొదటి నుంచి లెక్క కట్టి చూపించమన్నారు. ఒక పక్క హరీష్, ఒక పక్క సూర్యప్రకాశ్. రామమ్మను నేనే సాక్షిగా పిలిపించాను. బొమ్మ తయారవుతుండగా అధికారి ఫోన్ వస్తే వరండాలోకి వెళ్ళాడు. సూర్యప్రకాశ్ నా కుర్చీ దగ్గరికి వచ్చి వంగాడు. దగ్గర నుంచి చూస్తే మామూలు ముసలాయన.

"బిడ్డా, నీ చేతిలనే ఉన్నది. గంత ఎరుపు ఎందుకు? జర తగ్గించు. నారింజ రంగన్న చెయ్యి. జైలుకు పోతనమ్మా నేను."

"నేనెవరి బిడ్డనో తెలుసా?"

"తెల్సు. గా సూపర్వైజర్..."

"పేరు చెప్పండి."

"మహేందర్."

"మహేందర్ తప్పేమిటో చెప్పండి."

ఆయన హరీష్‌ను చూశాడు. హరీష్ చేతివాచీ చూసుకున్నాడు. రామమ్మ చూస్తోంది. అధికారి ఫోన్ ముగించుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు, సూర్యప్రకాశ్ వీపు అటు ఉంది. నేను ఆగమని చెప్పలేదు.

"తప్పేం లేదు" అన్నాడు. "గోడ పగుళ్ళు ఇచ్చిందని మహేందర్ నాకు ముందే చెప్పిండు. పని ఆపుదామన్నడు. నేనే వద్దన్న. తవ్వింది అబద్ధం. మేమే రాయించినం. చాలునా బిడ్డా? ఇగ రంగు మార్చు."

రామమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అధికారి లోపలికి వచ్చి, "మల్లొక్కసారి చెప్పండి, రాసుకుంటా" అన్నాడు.

నాయిన పని ఆపుదామన్నాడట, పెద్దనాయినా. ఆ సంగతి మనకెవరికీ తెలియదు. ఆపుదామని చెప్పి, వినకపోతే కూలీలను ఒంటరిగా పంపలేక తనూ దిగి ఉంటాడు. ఆ వాక్యం కొట్టేశారు. ఉత్తర్వు కాపీ అమ్మకు చదివి వినిపించాను. ఇంకోసారి చదవమంది.

జాలిపడి రంగు మార్చానేమోనని అనుమానం వద్దు. సూర్యప్రకాశ్ చేతులు జోడించి నిలబడే ఉన్నాడు. నేను ప్రింటు మీట నొక్కాను. కాగితం వెచ్చగా బయటికి వచ్చింది. తీసి ఆయన చేతిలో పెట్టాను. ఎరుపు, ఎంత కదిలిందో అంత ఎరుపు.

నీ బిడ్డ,
వినీత